ఏప్రిల్ 1కి ఆఫీసులో నవ్వించే వైరస్ వదలొచ్చా?

ప్రశ్న ఇదీ: "అన్నా, బెంగళూరులో కొత్తగా జాబ్‌లో చేరాను. టీమ్‌లో సగం మంది మనవాళ్లే. ఏప్రిల్ 1కి ఎవరికీ నష్టం లేకుండా అందరూ నవ్వుకునే ఒక వైరస్ రాసి, టీమ్ మొత్తానికీ పాకేలా చేద్దామనుకుంటున్నా. ఫైళ్లేమీ డిలీట్ చేయదు కాబట్టి ప్రాబ్లం ఉండదు కదా? మంచి ఐడియాలుంటే చెప్పండి."

తమ్ముడూ, ఐడియాలు కావలసినన్ని ఇస్తాను, నాకూ ఈ పిచ్చి ఉంది. కానీ "ప్రాబ్లం ఉండదు కదా" అన్నదానికి జవాబు ముందే చెప్పేస్తున్నా: ఉంటుంది. ఒక్క ఫైలు ముట్టుకోకపోయినా ఉంటుంది. ఈ ఊళ్లో ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో చాలాకాలంగా నా పనే ఇది, లాప్‌టాప్‌ల్లో దూరినవాటిని పట్టుకుని బయటికి లాగడం. అందుకే ఎందుకు ఉంటుందో ముందు చెప్పి, ఆ తర్వాత సరదాలోకి వస్తాను.

వైరస్ అన్నదాంట్లో మూడు ముక్కలుంటాయి. ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి పాకడం ఒకటి. ఎప్పుడు బయటపడాలో చూసుకుంటూ కూర్చోవడం రెండోది, దాన్ని ట్రిగ్గర్ అంటాం. బయటపడ్డాక చేసే నిర్వాకం మూడోది, అది పేలోడ్. నువ్వు నవ్వించాలనుకుంటున్నది పేలోడ్‌తో. టైమింగ్ కుదిరితే ట్రిగ్గర్ కూడా నవ్విస్తుంది. పాకడంలో మాత్రం నవ్వడానికి ఏమీ లేదు, చిక్కులన్నీ వచ్చేది అక్కడినుంచే. పాకే గుణం తీసేయ్, జోక్ ఉంచుకో. నవ్వు రవ్వంత కూడా తగ్గదు.

ఈ అల్లరి నీతో మొదలైంది కాదులే. 1971లో అమెరికాలో బీబీఎన్ అనే కంపెనీలో బాబ్ థామస్ రాసిన క్రీపర్, ఇంటర్నెట్‌కి ముందు నడిచిన ఆర్పానెట్ నెట్‌వర్క్ మీద ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి వెళ్లి, "నేను క్రీపర్‌ని, చేతనైతే పట్టుకో" అని చూపించేది. దాన్ని వెతికి తీసేయడానికి రీపర్ అని ఇంకో ప్రోగ్రాం రాసినవాడు రే టామ్లిన్‌సన్. ఈమెయిల్ అడ్రసు మధ్యలో మనం పెట్టే 'ఎట్' గుర్తు ఎంచుకున్న మనిషి ఆయనే. 1982లో రిచ్ స్క్రెంటా అనే పదిహేనేళ్ల కుర్రాడు ఆపిల్-2 కంప్యూటర్ కోసం ఎల్క్ క్లోనర్ రాశాడు. అది ఫ్లాపీల్లో పాకేది. అంటుకున్న ఫ్లాపీతో యాభయ్యోసారి మెషీన్ ఆన్ చేస్తే తెర మీద ఒక చిన్న పద్యం వచ్చేది. యాభయ్యోసారి అన్నదాంట్లో ఉన్న తెలివి చూడు. మొదటిసారే వస్తే, ఆ ఫ్లాపీ ఇచ్చినవాడి పని అయిపోతుంది. యాభయ్యోసారికి అది ఎవరిచ్చారో ఎవరికి గుర్తుంటుంది?

ఆ తర్వాత, విండోస్‌కి ముందు పీసీల్లో నడిచిన డాస్ రోజుల్లో ఈ కళ బాగా వికసించింది. కాస్కేడ్ వైరస్ వస్తే తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే ఊడి కింద కుప్పగా పడేవి. పింగ్‌పాంగ్‌లో ఒక చుక్క బంతిలా గోడలకి కొట్టుకుంటూ తిరిగేది. యాంకీ డూడుల్ సాయంత్రం 5 కాగానే స్పీకర్‌లో ఆ అమెరికన్ పాట వాయించేది (ఆఫీసు వదిలే టైమని చెప్పడానికి అంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు). ఇంకో దాంట్లో తెర అడుగున సైరన్ వేసుకుంటూ అంబులెన్స్ వెళ్లిపోయేది.

మన దేశం వాటా కూడా ఉంది. 1990లో ఇక్కడ బయటపడ్డది జోషి వైరస్. ఫ్లాపీ బూట్ సెక్టార్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే మొదట చదివే చోట, దాక్కుని ఏడాదంతా కిక్కురుమనదు. జనవరి 5న కంప్యూటర్ ఆన్ చేస్తే మాత్రం "హ్యాపీ బర్త్‌డే జోషి" అని టైప్ చెయ్యమంటుంది. చేసేదాకా కదలదు, చేశాక మామూలుగా పని చేసుకోనిస్తుంది. కేకు లేదు, పార్టీ లేదు, ముక్కూ మొహం తెలియని జోషికి అందరూ విషెస్ చెప్పాలి. పేలోడ్ వరకూ చూస్తే దీనికి నేను మంచి మార్కులే వేస్తాను. అడిగేది చిన్న విషయం, తీర్చడం మన చేతిలోనే ఉంది, ఏడాదికి ఒక్కరోజే. అయితే ఆ జనవరి 5 పొద్దున్న, తెర మీద ఉన్నది జోక్ అని తెలియని ఒక ఆఫీసు గుమాస్తా సంగతి ఆలోచించు. కంప్యూటర్ చెడిపోయిందనుకుని ఆపుతాడు, మళ్లీ వేస్తాడు, మళ్లీ అదే. చివరికి మెకానిక్ వచ్చి మొత్తం ఫార్మాట్ కొట్టేస్తాడు. వైరస్ ఏ ఫైలూ చెరపలేదు, కానీ ఫైళ్లన్నీ పోయాయి.

పాతవాళ్లు కూడా నీలాగే "నష్టం లేదు" అనుకునే రాశారు. పింగ్‌పాంగ్ రాసినవాళ్లు వాడిన ఒక ఇన్‌స్ట్రక్షన్ 8086, 8088 చిప్పుల్లో నడుస్తుంది, 80286లో నడవదు. దాంతో కొత్త మెషీన్లలో బంతి ఎగరడం అటుంచి, కంప్యూటరే ఆగిపోయేది. 1987లో న్యూజీలాండ్‌లో పుట్టిన స్టోన్డ్ అయితే ఎనిమిదిసార్లలో ఒకసారి "మీ పీసీకి మత్తెక్కింది" అన్నట్టు ఒక ముక్క చూపించేది, అంతే దాని ఆట. కానీ అది డిస్కులో తను కూర్చోవడానికి అసలు బూట్ సెక్టార్‌ని లేపి, ఖాళీ అనుకున్న ఇంకో చోట పడేసేది. కొన్నిరకాల డిస్కుల్లో ఆ చోటు ఖాళీ కాదు, ఫైళ్ల పేర్లుండే డైరెక్టరీ. పేర్లు పోతే ఫైళ్లు పోయినట్టే. రాసినవాడి దగ్గరున్న మెషీన్‌లో అంతా బాగానే పనిచేసి ఉంటుంది. పాకే ప్రోగ్రాంతో వచ్చే గొడవ ఇదే, నువ్వు ఎన్నడూ చూడని మెషీన్ మీద అది నడుస్తుంది.

1987 డిసెంబరులో వచ్చిన క్రిస్మస్ చెట్టు కథ ఇంకా నీతికి దగ్గరగా ఉంటుంది. పశ్చిమ జర్మనీలో క్లౌస్తాల్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు రాశారు. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో దాన్ని రన్ చేస్తే అక్షరాలతో ఒక క్రిస్మస్ చెట్టు గీసి శుభాకాంక్షలు చెప్పేది. ఆ పక్కనే, నీ పరిచయాల జాబితాలో ఉన్న అందరికీ తన కాపీ ఒకటి పంపేది. పండగ గ్రీటింగ్ కదా అని అందరూ రన్ చేశారు. యూనివర్సిటీలని కలిపే బిట్‌నెట్ దాటి ఐబీఎం సొంత నెట్‌వర్క్‌లోకి పోయి, అక్కడ లైన్లన్నీ చెట్లతో నిండి జామ్ అయిపోయింది. పేలోడ్ ఒక చెట్టు బొమ్మ. అంతకంటే అమాయకమైనది ఎవరు రాయగలరు చెప్పు? మరుసటి ఏడాది నవంబరు 2న మోరిస్ వార్మ్ వచ్చింది (ఎవరూ రన్ చేయకుండానే తనంతట తను నెట్‌వర్క్‌లో పాకేదాన్ని వార్మ్ అంటాం), దానికి చూపించే పేలోడే లేదు. అప్పటికే అంటుకున్న మెషీన్‌లోకి కూడా ఏడింట ఒకసారి మళ్లీ దూరమని కోడ్‌లో రాసి ఉంది. ఆ లెక్క తప్పి, కాపీ మీద కాపీ చేరి, ఇంటర్నెట్‌లో వేలాది మెషీన్లు మూలకూర్చున్నాయి. దాన్ని రాసిన రాబర్ట్ మోరిస్‌కి మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10 వేల డాలర్లకి పైగా జరిమానా పడ్డాయి.

"ఇవన్నీ మా నాన్న కాలం కబుర్లు" అంటావేమో. 2009 నవంబరులో ఆస్ట్రేలియాలో ఒక కుర్రాడు ఐఫోన్ వార్మ్ వదిలాడు, ఐకీ అని. ఆపిల్ పెట్టిన కట్టుబాట్లు యజమానే తెంచేసి (జైల్‌బ్రేక్ అంటాం), మొదటి పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన ఫోన్లలోకి దూరి, వాల్‌పేపర్‌గా పాత పాప్ గాయకుడు రిక్ ఆస్ట్లీ ఫొటో పెట్టేది. జనం నవ్వుకున్నారు. అదే నెల్లో అదే కన్నంలోంచి ఇంకో వార్మ్ వచ్చింది. ఈసారి ఫొటోల్లేవు, నెదర్లాండ్స్‌లో ఐఎన్‌జీ బ్యాంకు ఖాతాదారులకి ఎర వేయడం మొదలుపెట్టింది. నువ్వు తాళం తీసి లోపల ఒక జోకు కాగితం అంటించి వెళ్తే, తాళం ఎలా తీయాలో వెనకాల వచ్చేవాడికి నేర్పినట్టే.

ఇక మా వైపు నుంచి ఎలా ఉంటుందో చూడు. మా తెర మీద వచ్చే అలర్ట్‌లో ఉండేవి ఇవి: తెలియని ప్రోగ్రాం, డిజిటల్ సంతకం లేదు, స్టార్టప్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచేవాటి జాబితాలో) తన పేరు తనే రాసుకుంది, షేర్డ్ డ్రైవ్‌లో తన కాపీ వేసింది, కాసేపటికి ఇంకో లాప్‌టాప్‌లో అదే హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటిది) కనిపించింది. "ఉద్దేశం: సరదా" అని ఒక కాలమ్ ఉండదు. ఫైళ్లు లాక్ చేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ మొదటి పది నిమిషాలు కూడా అచ్చం ఇలాగే కనిపిస్తాయి. కాబట్టి మేము నవ్వం. ఆ మెషీన్లని నెట్‌వర్క్ నుంచి విడదీస్తాం, పక్క మెషీన్ల లాగ్స్ తవ్వుతాం, మేనేజర్లని నిద్రలేపుతాం.

నేను ఒకప్పుడు పనిచేసిన చోట జరిగింది చెప్తా, కంపెనీ పేరొద్దు. ఒక కుర్రాడు టీమ్ లీడ్ పుట్టినరోజుకి ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. తెర మధ్యలో కేకు బొమ్మ, కింద "ఓకే" బటన్. టీమ్ షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్న స్క్రిప్టుల పక్కన తన ముక్కని తగిలించాడు, ఎవరు ఏ స్క్రిప్టు నడిపినా కేకు వచ్చేలా. మనుషుల లాప్‌టాప్‌ల్లో చక్కగా పనిచేసింది, అందరూ నవ్వారు, లీడ్ కూడా నవ్వాడు. శుక్రవారం రాత్రి బిల్డ్ సర్వర్ (అందరి కోడ్ కలిపి ప్రోగ్రాం తయారుచేసే మెషీన్) కూడా అదే ఫోల్డర్‌లోంచి అదే స్క్రిప్టు తీసుకుంది. సర్వర్ తెర మీద కేకు వచ్చింది, "ఓకే" కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. అక్కడ నొక్కడానికి మనిషెవరు? వెనకాల బిల్డులన్నీ క్యూ కట్టాయి. రిలీజ్ ఆగింది. మడివాళలో ఊరి బస్సెక్కాల్సిన ఇద్దరు టికెట్లు క్యాన్సిల్ చేసుకుని ఆఫీసులో ఉండిపోయారు. కారణం కేకు అని తేలేసరికి తెల్లవారింది. ఆ కుర్రాడి ఉద్యోగం పోలేదు గానీ, ఆ తర్వాత ఆ టీమ్‌లో ఎవరి పుట్టినరోజైనా అతన్ని మాత్రం కంప్యూటర్ దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు.

చట్టం సంగతి క్లుప్తంగా. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వైరస్ ప్రవేశపెడితే నష్టపరిహారం కట్టాలంటుంది. అదే పని మోసపూరితంగా లేదా దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. "మావాడేలే, ఏమీ అనుకోడు" అని నువ్వు అనుకోవచ్చు, కానీ ఆ లాప్‌టాప్ యజమాని మీవాడు కాదు, కంపెనీ.

సరే, భయపెట్టడం అయిపోయింది. పాకే గుణం పక్కన పెట్టేశాం అనుకుని, పేలోడ్‌లు ఊహిద్దాం. ఇక్కడ మాత్రం మనల్ని ఎవరూ కొట్టలేరు, మన దగ్గర అంత సరుకుంది.

నా మొదటి ఓటు 'అమ్మ'కి. మధ్యాహ్నం ఒకటిన్నరకి తెర మూల నుంచి ఒక చిన్న పెట్టె వస్తుంది: "తిన్నావా?" కింద రెండు బటన్లు, "తిన్నా" అని ఒకటి, "ఇంకా లేదు" అని ఒకటి. "ఇంకా లేదు" నొక్కితే పెట్టె ఇంకాస్త పెద్దదవుతుంది: "టైమెంతయిందో చూశావా?" "తిన్నా" నొక్కితే "ఏం కూర?" అని ఖాళీ గడి వస్తుంది. "బిర్యానీ" అని కొడితే "మళ్లీ బయటి తిండేనా" అంటుంది. "పప్పు" అని కొడితే నమ్మదు, "ఎవరు వండారు?" అంటుంది. మనవాళ్లు పప్పుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కాబట్టి రెండు రకాలుగానూ గుర్తుపట్టేలా రాయి. ఇక ఇవన్నీ చిరాకనిపించి మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కినవాడికి అసలు దెబ్బ: "సరేలే, బిజీగా ఉన్నట్టున్నావ్. తర్వాత చేస్తాలే." అని చెప్పి పెట్టె బుద్ధిగా మూసుకుంటుంది. ఆ వాక్యం చదివాక ఏ ఇంజనీరైనా ఇంటికి ఫోన్ చెయ్యకుండా ఉండగలడా? రోజుకి ఒక్కసారే రావాలి సుమా. గంటకోసారి వస్తే నవ్వు పోయి విసుగొస్తుంది.

రెండోది 'సిల్క్ బోర్డ్', ట్రాఫిక్ జామ్‌లకి పేరుమోసిన మన జంక్షన్ పేరు మీద. ఉత్తుత్తి ఫైల్ కాపీ కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. 40 శాతం దాకా పరుగు, అక్కణ్నుంచి నత్తనడక. కింద రాసి ఉంటుంది: "ముందు సిగ్నల్ ఉంది. మిగిలిన దూరం 2 కిలోమీటర్లు. పట్టే సమయం 55 నిమిషాలు." వాన పడే నెలల్లో అయితే "ఔటర్ రింగ్ రోడ్డు మీద నీళ్లు నిలిచాయి, ఫైలు ఇంటికి వెళ్లిపోయింది" అని ముగించొచ్చు. దీనికి తోబుట్టువు 'ఆటో': డి డ్రైవ్ బొమ్మ మీద క్లిక్ చేస్తే "ఆ సైడ్ రాను సార్" అంటుంది. మళ్లీ నొక్కితే "మీటర్ మీద ఒక యాభై ఇవ్వండి". ఈ రెండూ తెలుగు రానివాళ్లకి కూడా అర్థమవుతాయి, కాబట్టి కలగలుపు టీమ్‌లకి పనికొస్తాయి.

'రాహుకాలం' అనేది నాకు బాగా ఇష్టం. కోడ్ పుష్ చేసేటప్పుడు, అంటే రాసింది టీమ్ ఉమ్మడి కోడ్‌లోకి పంపేటప్పుడు, టైము చూస్తుంది. శుక్రవారం 10:30 నుంచి 12 మధ్యలో అయితే "రాహుకాలం నడుస్తోంది, 12 దాటాక శుభం" అని ఒక లైను. సోమవారం 7:30 నుంచి 9, బుధవారం 12 నుంచి 1:30, ఇలా రోజుకొకటి పంచాంగంలో ఎలాగూ ఉంటాయి. శుక్రవారం డిప్లాయ్ చేయొద్దని అన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోనూ పెద్దలు చెప్పేదే, మనది గంటన్నరతో సరిపెడుతుంది. ఒక్క జాగ్రత్త, చెప్పి వదిలేయాలి గానీ పుష్‌ని ఆపకూడదు. ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే అసలు సిస్టమ్) పడిపోయిన శుక్రవారం 11 గంటలకి నీ ప్రోగ్రాం అడ్డం పడితే రాహువు నీకే పడతాడు.

ఇంకోటి, కాస్కేడ్‌కి తెలుగు రూపం. అక్షరాలు కాదు, ఒత్తులు రాలిపోవాలి. తెలుగు యూనికోడ్‌లో ఒత్తంటే విడిగా ఒక అక్షరం కాదు, మధ్యలో ఒక హలంతు (పొల్లు గుర్తు), దాని పక్కన మామూలు హల్లు. ఆ హలంతు తీసేస్తే ఒత్తు పైకి లేచి పక్కన నిలబడుతుంది. అన్నం 'అననం' అవుతుంది, పప్పు 'పపపు' అవుతుంది, నెయ్యి 'నెయయి' అవుతుంది. ఆవకాయకి మాత్రం ఏమీ కాదు! క్యాంటీన్ మెనూ పేజీకి ఒక్కరోజు ఇది తగిలించి చూడు. ఇక్కడ పాత కాస్కేడ్ నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. అది అక్షరాలు రాల్చింది వీడియో మెమరీలో, అంటే తెర మీద మాత్రమే. ఫైల్లో ఉన్న అక్షరం ఎక్కడున్నది అక్కడే ఉంది. నీదీ అలాగే ఉండాలి. కనిపించేది మారొచ్చు, సేవ్ అయ్యేది మారకూడదు. ఎవరో తెలియక కంట్రోల్-ఎస్ కొట్టారంటే 'అననం' శాశ్వతమైపోతుంది.

చేయకూడనివి కూడా చెప్పాలి కదా. స్క్రీన్ షేర్ చేసే టైములో "ప్యాకేజీ ఎంత బాబూ? పెళ్లెప్పుడు?" అని అడిగే 'బాబాయ్' వైరస్ ఐడియా వినడానికి బాగుంటుంది. క్లయింట్ ముందు ఒకరి పరువు తీసే జోక్ నాకు జోక్ కాదు. "మీ ఫైళ్లన్నీ లాక్ చేశాం" అనే ఉత్తుత్తి ర్యాన్సమ్ తెర వద్దు. ఉత్తుత్తి లేఆఫ్ మెయిల్ అయితే అసలే వద్దు, ఈ ఊళ్లో ఈఎంఐ కట్టేవాడికి అది గుండెపోటు. విండోస్ పడిపోయినప్పుడు వచ్చే బ్లూ స్క్రీన్ మీద మనసుంటే, విండోస్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్ ఎప్పుడో స్క్రీన్‌సేవర్‌గా రాసి పెట్టాడు, మనిషి ఒక బటన్ నొక్కగానే పోతుంది. అది కూడా డెమో రోజున కాదు.

కోడ్ అక్కర్లేకుండా పాకేవి కూడా ఉన్నాయి. 2002లో ఒక మెయిల్ తిరిగింది: "మీ కంప్యూటర్‌లో టెడ్డీబేర్ బొమ్మ ఉన్న ఒక ఫైలుందేమో చూడండి, అది వైరస్, వెంటనే తీసేసి మీవాళ్లందరికీ చెప్పండి." ఆ ఫైలు అందరి విండోస్‌లోనూ ఉంది, అది విండోస్‌తో వచ్చిన మంచి ఫైలే. జనం తమ చేత్తో తీసేసుకుని, ఇంకా పదిమందికి పంపారు. మనకి ఇదేం కొత్త? "ఈ కరపత్రం చదివినవారు వెయ్యి కాపీలు అచ్చు వేయించి పంచాలి, పంచనివారికి కీడు" అని ఊళ్లో గుడి దగ్గర ఇచ్చే కాగితం చూసే ఉంటావు. పాకే ముక్క, బెదిరించే ముక్క రెండూ అందులోనే ఉన్నాయి, నడిపే ప్రాసెసర్ మన భయం. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఇలాంటివి నువ్వు సరదాకి కూడా మొదలుపెట్టకు. పెద్దమ్మలు నిజంగానే డిలీట్ చేస్తారు.

అసలు ఈ ఊళ్లో నాకు నచ్చిన ప్రాంక్‌కి ప్రోగ్రామే అక్కర్లేదు. లాప్‌టాప్ లాక్ చేయకుండా టీకి వెళ్లినవాడి మెషీన్ నుంచి టీమ్ గ్రూపులో "ఈ రోజు లంచ్ నాది, అందరికీ మేఘనాలో బిర్యానీ" అని ఒక మెసేజ్. ఒకసారి బిల్లు కట్టినవాడు జన్మలో విండోస్-ఎల్ నొక్కడం మర్చిపోడు. సెక్యూరిటీ ట్రైనింగ్ వీడియోలు చేయలేని పని అది. కొన్ని కంపెనీల్లో దీన్నీ ఒప్పుకోరు, ఇంకొకరి లాగిన్ వాడినట్టు లెక్క. మీ దగ్గర ఆనవాయితీ ఉందో లేదో ముందు కనుక్కో.

రెడీమేడ్‌గా కావాలంటే లినక్స్‌లో 'ఎస్ఎల్' అనే కమాండ్ ఉంది. 'ఎల్ఎస్' అని కొట్టబోయి తిరగేసి కొడితే తెర మీద రైలింజన్ పొగ వదులుతూ పోతుంది, పూర్తిగా పోయేదాకా నువ్వు ఆగాల్సిందే. కర్సర్ వెనకాల పరిగెత్తే పిల్లి ఒకేనెకో, కిటికీల కింద దాక్కుని, కిటికీ జరపగానే చెల్లాచెదురయ్యే బొద్దింకలు ఎక్స్‌రోచ్, ఇవి పాత యునిక్స్ వాళ్ల సరదాలు. 2020లో వచ్చిన డెస్క్‌టాప్ గూస్ బాతు తెరంతా బురద కాళ్లతో తొక్కి నీ మౌస్ లాక్కుపోతుంది. పాత వైరస్‌లు ఎలా ఉండేవో కళ్లారా చూడాలనుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 2016 నుంచి మాల్‌వేర్ మ్యూజియం ఉంది. వైరస్‌ల మీద పరిశోధన చేసే మిక్కో హిప్పోనెన్ సేకరించి, హాని చేసే ముక్కలు తీసేసి పెట్టాడు, బ్రౌజర్‌లోనే నడుస్తాయి. టీమ్ అంతా కూర్చుని ఒక లంచ్ బ్రేక్‌లో చూడ్డానికి మహా బాగుంటుంది.

ఇవేవీ వద్దు, సొంతంగా రాస్తానంటే రాయి. కాకపోతే మామూలు ప్రోగ్రాంగా రాయి. ఎవరి మెషీన్‌లో కావాలో వాళ్లే తెచ్చుకుని తెరవాలి, "ఏప్రిల్ 1 సరదా ఇది, తెరిచి చూడండి" అని చెప్పి ఇచ్చినా జోక్ చావదు, లోపల ఏముందో వాళ్లకి తెలియదు కదా. అడ్మిన్ పాస్‌వర్డ్ అడగకూడదు, నెట్‌వర్క్ జోలికి పోకూడదు, స్టార్టప్‌లో కూర్చోకూడదు. ఎస్కేప్ నొక్కితే పోవాలి, నొక్కే మనిషి లేకపోతే అర నిమిషంలో తనంతట తను పోవాలి, కేకు గుర్తుంది కదా. ఏప్రిల్ 2 వచ్చాక తెరిస్తే ఏమీ చేయకుండా మూసుకోవాలి. ఈ చివరిది చాలామంది రాయరు, పాత జోక్ ఆగస్టులో ఎవరి తెర మీదో తేలితే దాన్ని వెతుక్కుంటూ మేము రావాలి.

'అబౌట్' పెట్టెలో నీ పేరు, నీ టీమ్, ఎలా తీసేయాలో స్పష్టంగా రాయి. 1986లో లాహోర్‌లో అల్వీ సోదరులు రాసిన బ్రెయిన్ వైరస్ లోపల వాళ్ల పేర్లు, షాపు అడ్రసు, ఫోన్ నంబర్లు ఉన్నాయి, దేశదేశాల నుంచి వాళ్లకి ఫోన్లు వచ్చాయి. నీకు వచ్చేది పక్క డెస్కు నుంచే కాబట్టి భయం లేదు. ఫైలు హ్యాష్, ఒక స్క్రీన్‌షాట్ జతచేసి ఐటీ సెక్యూరిటీ వాళ్లకి ముందే మెయిల్ పెట్టి, ఒప్పుకున్నాకే ఇవ్వు. ఆ మెయిల్ మార్చిలోనే పంపు, ఏప్రిల్ 1 పొద్దున్న పంపితే ఆ మెయిలే ప్రాంక్ అనుకుంటారు.